బొగ్గుల మీద లెగ్‌పీసులు: నిప్పు ఎక్కడ, ముక్క ఎక్కడ?

బొగ్గుల మీద కాల్చిన లెగ్‌పీసుల్లో సగానికి సగం పైన పటారం, లోన లొటారం. పైకి నల్లగా నిగనిగలాడుతూ చూడగానే నోరూరేలా ఉంటుంది. రెండోసారి కొరికేసరికి ఎముక దగ్గర పచ్చి మాంసం తగులుతుంది. అప్పుడు నెపమంతా బొగ్గు మీదికో, గ్రిల్ మీదికో, మసాలా మీదికో పోతుంది. ఇంకో మంచి గ్రిల్ కొంటే బాగుండునన్న ఆలోచన పుట్టేదీ అప్పుడే. కొనే వస్తువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది నిప్పులు ఎక్కడ ఉండాలి, ముక్క ఎక్కడ ఉండాలి అన్నది. అది కుదిరితే నాలుగు ఇటుకల మీద జాలీ వేసుకున్నా పని జరుగుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన గ్రిల్ అయినా మాడిన ముక్కే చేతికిస్తుంది.

అందుకే ఇక్కడ పోలికలు కూడా ఆ వరసలోనే సాగుతాయి. మొదట నిప్పుల అమరిక, ఆ తర్వాత పొయ్యి, బొగ్గు, చివరికి ఉప్పూ కారం. అన్నింటికంటే ముందు ముక్క గురించి నాలుగు మాటలు.

74 డిగ్రీలు చాలు, కానీ 85 దగ్గర రుచి

కాలు కోడి రోజంతా వాడే కండరం. బ్రెస్ట్ పీసుతో పోలిస్తే ఇందులో కొవ్వు ఎక్కువ, కండను కట్టిపడేసే కొలాజెన్ కూడా ఎక్కువ. కోడి మాంసం తినడానికి సురక్షితం కావాలంటే లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చాలు. బ్రెస్ట్ పీసును అక్కడ ఆపకపోతే పీచుపీచుగా ఎండిపోతుంది. లెగ్‌పీసును అక్కడే ఆపేస్తే భయపడాల్సింది ఏమీ ఉండదు గానీ, తినబుద్ధి కాదు. మాంసం ఎముకను వదలదు, పళ్ల మధ్య రబ్బరులా సాగుతుంది. కొలాజెన్ కరిగి జెలటిన్ అనే మెత్తటి జిగురుగా మారాలంటే వేడి కావాలి, ఆ వేడిలో కొంతసేపు ఉండాలి కూడా. 82 నుంచి 88 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి ముక్క మెత్తబడి ఎముక నుంచి సులువుగా ఊడివస్తుంది. అంత వేడికి ఎండిపోతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. కరిగిన జెలటినూ కొవ్వూ కలిసి దాన్ని తేమగానే ఉంచుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. లోపలి మాంసం 85 డిగ్రీలకు చేరడానికి అరగంటో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. కణకణలాడే నిప్పుల మీద నేరుగా పెడితే పైన ఉన్న తోలూ మసాలా మాడిపోవడానికి ఐదారు నిమిషాలు చాలు. ఈ రెండింటినీ ఎలా కలపాలి అన్న ప్రశ్నకే ఒక్కో పద్ధతి ఒక్కో జవాబు చెబుతుంది.

ముక్క ఆకారం కూడా మనకు సాయపడదు. ఒక కొస లావు, రెండో కొస సన్నం. చదునుగా ఉండదు కాబట్టి రెండు వైపులా కాల్చేసి పని అయిపోయిందనుకోవడానికి లేదు, కనీసం మూడు వైపులు తిప్పుకోవాలి. సన్నటి కొస దగ్గర, గుబ్బకు కాస్త పైన, పదునైన చాకుతో చుట్టూ ఎముక తగిలేదాకా ఒక గాటు పెట్టి చూడండి. అక్కడ తెల్లగా, గట్టిగా ఉండే స్నాయువులు తెగిపోతాయి. వేడి తగిలేకొద్దీ మాంసం పైకి జరిగి లావు కొస దగ్గర ముద్దగా చేరుతుంది, కింద ఎముక పిడిలా బయటపడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, చేత్తో పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, తినేటప్పుడు నోట్లో పుల్లల్లాంటివి గుచ్చుకోవు. అయితే ఇరవై ముక్కలకు ఇలా గాట్లు పెట్టడమంటే ఓపిక పరీక్షే. అతిథులు ఎక్కువైతే నేను ఆ జోలికి పోను.

నేరుగా నిప్పుల మీదనా, పక్కనా?

అందరికీ తెలిసిన పద్ధతి నిప్పులు అడుగంతా పరిచి, వాటిపైన జాలీ, జాలీ మీద ముక్కలు. మూత లేని పొయ్యి అయితే దాదాపు ఇదొక్కటే దారి. దీనిలో గొప్ప ఏమిటంటే రుచి. కొవ్వు బొట్లు నిప్పుల మీద పడి లేచే పొగ మాంసానికి పడుతుంది. బొగ్గుల మీద కాల్చిన కోడి అనగానే మన నాలుకకు గుర్తొచ్చేది ఆ వాసనే. కానీ ఆ కొవ్వే మంటలనూ లేపుతుంది. తోలుతో ఉన్న లెగ్‌పీసుల నుంచి కొవ్వు బాగా కారుతుంది, ఒక్కసారి మంట అంటుకుందంటే ముక్క మీద మసి పడుతుంది. ఆ మసి కాలిన రుచి కాదు, చేదు. పైగా కొవ్వు మంటల్లో పుట్టే పొగలోనూ, మాడిన మాంసంలోనూ ఆరోగ్యానికి మంచివి కాని పదార్థాలు ఉంటాయి. రుచి కోసమైనా, ఒంటి కోసమైనా మంటను ముక్కకు తగలనివ్వకపోవడమే మేలు.

ఈ పద్ధతినే ఎంచుకుంటే ఎర్రగా మండే నిప్పుల మీద తొందరపడకండి. బొగ్గుల మీద బూడిద పొర కప్పి, ఎరుపు లోపలి నుంచి మాత్రమే కనిపించేదాకా ఆగండి. జాలీకి జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తులో అరచెయ్యి ఉంచి చూడండి. రెండు మూడు సెకన్లలోనే చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే ఆ సెగ లెగ్‌పీసుకు ఎక్కువ. ఆరేడు సెకన్లు ఓర్చుకోగలిగితే సరైన సెగ. ముక్కల్ని రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ ఉంటే 25 నుంచి 35 నిమిషాల్లో అవుతాయి. అంతసేపూ పట్టకారు చేతిలోనే ఉండాలి, కబుర్లకు వెళ్లడానికి వీల్లేదు. ఆరేడు ముక్కలైతే ఇది హాయిగానే ఉంటుంది. అంతకు మించితే వంట చేసే మనిషి విందుకు దూరమైనట్టే.

రెండోది, నేను ఎవరికైనా మొదట చెప్పేది, నిప్పుల్ని ఒక పక్కకు నెట్టి రెండో పక్క ఖాళీ ఉంచే పద్ధతి. దీనికి మూత కావాలి. ముక్కలు ఖాళీ వైపు ఉంటాయి. కింద నిప్పు లేదు కాబట్టి కొవ్వు కారినా మంట లేవదు. మూత లోపల తిరిగే వేడి గాలే ముక్కను నాలుగు వైపుల నుంచీ కాలుస్తుంది. జాలీ దగ్గర 190 నుంచి 200 డిగ్రీల వేడి ఉండేలా చూసుకుంటే 35 నుంచి 45 నిమిషాల్లో లోపలి మాంసం 80 దాటుతుంది. ఆ తర్వాత ముక్కల్ని నిప్పుల వైపుకు జరిపి, మూత తీసి, తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు ఉంచితే తోలు కరకరలాడుతుంది, మచ్చలు మచ్చలుగా కాలిన రంగూ వస్తుంది. అప్పటికే కొవ్వు చాలావరకు కారిపోయి ఉంటుంది కాబట్టి మంటల బెడద కూడా తక్కువ.

దీనిలోనూ చిన్న మెలకువ ఉంది. ముక్కల్ని వరసగా పేర్చేటప్పుడు లావు కొసలు నిప్పుల వైపుకు, సన్నటి కొసలు అవతలికి ఉండాలి. నిప్పుకు దగ్గర వరసలో ఉన్నవి ముందే కాలతాయి కాబట్టి సగం సమయం గడిచాక ముందు వరసను వెనక్కి, వెనక వరసను ముందుకు మార్చాలి. అప్పుడే ఒకసారి తిప్పండి. అంతకు మించి మూత తీయకండి. మూత తీసిన ప్రతిసారీ వేడి బయటికి పోతుంది, బొగ్గుకు గాలి ఎక్కువ తగిలి రాజుకుంటుంది, మూత పెట్టాక సర్దుకోవడానికి మళ్లీ కొన్ని నిమిషాలు పడుతుంది. చూస్తూ కూర్చుంటే కాలవు.

కొందరు దీన్ని తిరగేస్తారు. మొదటే నిప్పుల మీద రంగు తెప్పించి, తర్వాత పక్కకు జరిపి మూత పెడతారు. మేకలోనో గొర్రెలోనో దళసరి ముక్కకు ఇది బాగానే పనిచేస్తుంది. తోలున్న కోడికి నేను ఒప్పుకోను. పచ్చి తోలులో నీరూ కొవ్వూ నిండుగా ఉంటాయి కాబట్టి మంటలు ఎక్కువ లేస్తాయి, తోలు జాలీకి అంటుకుని చిరుగుతుంది. ఒకవేళ కరకరలాడేలా కాల్చినా, ఆ తర్వాత మూత కింద గడిపిన అరగంటలో మళ్లీ మెత్తబడుతుంది.

మూడో అమరికలో నిప్పులన్నీ పొయ్యి మధ్యన పోగుపడి ఉంటాయి, ముక్కలు అంచు చుట్టూ వలయంలా ఉంటాయి. నిప్పులు చెదరకుండా మధ్యలో అడుగు లేని లోహపు గరాటు లాంటిది పెడతారు. గుండ్రటి మూత ఉన్న గ్రిల్‌కు ఇది అచ్చంగా సరిపోతుంది. వేడి నడుమ నుంచి నిటారుగా లేచి, మూతకు తగిలి, చుట్టూ దిగుతుంది. జాలీ అంచుల దగ్గర 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి చివర్లో నిప్పుల మీదికి మార్చకపోయినా తోలు పెళుసుగా వస్తుంది. ప్రతి ముక్కా నిప్పుకు ఒకే దూరంలో ఉంటుంది, వరసలు మార్చే బాధ లేదు. పదీ పదిహేను ముక్కలు ఒకేసారి కాల్చాలనుకుంటే పక్కకు నెట్టే పద్ధతి కంటే ఇదే మేలు. లోపం ఏమిటంటే సెగను తగ్గించుకునే వీలు తక్కువ, బొగ్గు కూడా ధారాళంగా ఖర్చవుతుంది.

ఇక 110, 120 డిగ్రీల తక్కువ సెగ మీద గంటన్నరకు పైగా పొగబెట్టే పద్ధతి. మాంసం అమోఘంగా వస్తుంది, తోలు మాత్రం రబ్బరే. అంత తక్కువ వేడికి తోలు కింది కొవ్వు సరిగా కరగదు, పైపొర ఆరదు. పొగ వాసన మీద అంత మోజు ఉంటే తోలు తీసేసి పొగబెట్టండి, లేదా చివర్లో గట్టి సెగ తగిలించండి. రెండూ కుదరవంటే దీన్ని లెగ్‌పీసుకు ఎంచుకోవద్దు. పక్క సెగ మీద కాల్చేటప్పుడు నిప్పుల మీద పిడికెడంత ఎండు చెక్క ముక్క ఒకటి వేస్తే చాలినంత పొగ దొరుకుతుంది. కోడి మాంసం పొగను ఇట్టే పట్టేస్తుంది, రెండో చెక్క వేసే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

పొయ్యిల సంగతి

మూత ఉందా లేదా అన్నదే పొయ్యిలలో పెద్ద తేడా. మిగతావన్నీ దాని తర్వాతే.

మూత లేని కుంపటో, పెట్టెలాంటి గ్రిల్లో మీ దగ్గర ఉంటే కొత్తది కొనక్కర్లేదు. నిప్పుల్ని ఒక వైపు మందంగా, రెండో వైపు పలచగా పరవండి. పలచటి వైపు ముక్కల్ని పెట్టి, వాటి మీద లోతైన పాత గిన్నె ఒకటి బోర్లించండి. అసలు మూతంత బాగా కాకపోయినా వేడిని పట్టి ఉంచుతుంది, ముక్క లోపలిదాకా కాలడానికి అది చాలు. గిన్నె తీసేటప్పుడు చేతికి మందపాటి గుడ్డ ఉండాలని వేరే చెప్పాలా?

గుండ్రటి కెటిల్ గ్రిల్ పుట్టిందే ఈ మూత అవసరం నుంచి. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, అక్కడ తయారయ్యే లోహపు బోయాను (నీటి మీద గుర్తుగా తేలే గుండ్రటి డబ్బాను) రెండుగా చేసి, కింది సగాన్ని పొయ్యిగా, పై సగాన్ని మూతగా మలిచారు. గాలికీ వానకూ నిప్పు ఆగకపోవడం, మంటలు ఎగసిపడడం ఆయనకు విసుగు తెప్పించిన విషయాలు. కిందా పైనా గాలి రంధ్రాలు ఉండడం వల్ల సెగను పెంచడం, తగ్గించడం చేతిలో పని అయింది. లెగ్‌పీసుల కోసం ఒక్క పొయ్యి మాత్రమే కొనాలనుకుంటే నా ఓటు దీనికే. పైన చెప్పిన అమరికలన్నీ దీనిలో కుదురుతాయి. కొనేటప్పుడు వెడల్పు చూడండి. 45 సెంటీమీటర్లది చిన్న కుటుంబానికి సరిపోతుంది గానీ, నిప్పులు ఒక పక్కకు నెట్టాక మిగిలే చోటు చాలా తక్కువ. 57 సెంటీమీటర్లదైతే ఒక పక్కన పది పన్నెండు ముక్కలు ఇరుకు లేకుండా పడతాయి.

మందపాటి పింగాణీ గోడలున్న కమాడో వేరే రకం. దీని మూలం జపాన్ మట్టి పొయ్యి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి నుంచి అమెరికా సైనికులు ఇంటికి పట్టుకెళ్లడంతో బయటి ప్రపంచానికి తెలిసింది. గోడలు వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి చాలా తక్కువ బొగ్గుతో గంటల తరబడి ఒకే సెగ ఇస్తుంది, లోపల తేమ కూడా నిలుస్తుంది. కానీ ఒకసారి వేడెక్కిందంటే చల్లారడానికి ఎంతో సమయం తీసుకుంటుంది. లోపలి చోటు లోతుగా, ఇరుకుగా ఉండడంతో నిప్పుల్ని ఒక పక్కకు నెట్టడం అంత సులువు కాదు. నిప్పులకూ ముక్కలకూ మధ్య వేడిని అడ్డే పింగాణీ పళ్లెం పెట్టి, 190 డిగ్రీల దగ్గర నిలబెట్టి కాల్చడమే దీనిలో తేలిక. ఇప్పటికే ఇంట్లో ఉంటే భేషుగ్గా వాడుకోండి. లెగ్‌పీసుల కోసమే అయితే అంత డబ్బు, అంత బరువు అవసరం లేదు.

నిలువు పీపా రకం పొయ్యిల్లో ముక్కల్ని కొక్కేలకు తగిలించి నిప్పుల పైన వేలాడదీస్తారు. సన్నటి కొస దగ్గర కొక్కెం గుచ్చి, లావు కొస కిందికి వచ్చేలా వేలాడదీస్తే ఎక్కువ వేడి కావలసిన భాగమే నిప్పుకు దగ్గరగా ఉంటుంది. తిప్పే పనే లేదు. కారిన కొవ్వు నిప్పుల మీదే పడుతుంది కాబట్టి ఆ వాసనా దక్కుతుంది, మధ్యలో దూరం ఉండడం వల్ల మంట మాత్రం అంటదు. ఇరవై ముప్పై మందికి వండేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు. నలుగురున్న ఇంట్లో అది మూల పడి ఉండే పీపానే.

ఏ పొయ్యి అయినా ఆరుబయటే వెలిగించండి. బొగ్గు మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మూసిన చోట ప్రాణం తీస్తుంది. వాన పడుతోందని గదిలోకో, కారు షెడ్డులోకో, నాలుగు వైపులా మూసిన బాల్కనీలోకో తీసుకెళ్లడం కిటికీలు తెరిచి ఉన్నా తప్పే. మూత పెట్టి చల్లారుస్తున్న పొయ్యి విషయంలోనూ అంతే.

కర్ర బొగ్గా, బ్రికెట్లా?

కర్ర బొగ్గు త్వరగా రాజుకుంటుంది, ఎక్కువ వేడి ఇస్తుంది, బూడిద తక్కువ. గాలి రంధ్రం కొంచెం తెరిస్తే చాలు, వెంటనే అందుకుంటుంది. కానీ సంచిలో బొగ్గులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. తలకాయంత ముక్క పక్కనే గోళీ అంత ముక్క, అడుగున పొడి. కాబట్టి సెగ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. త్వరగా అయిపోతుంది కూడా.

బ్రికెట్లు బొగ్గు పొడిని పిండి పదార్థంతో కలిపి అచ్చు పోసినవి. అన్నీ ఒకే పరిమాణం, ఒకే తీరులో మండుతాయి. గంట దాటినా సెగ పెద్దగా మారదు. బూడిద మాత్రం బాగా వస్తుంది, దానితో అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. లెగ్‌పీసుకు కావలసింది భగ్గుమనే వేడి కాదు, ముప్పావుగంట నిలకడగా ఉండే సెగ. కాబట్టి పక్క సెగ పద్ధతికి నేను బ్రికెట్లే వాడమంటాను. కమాడోలో మాత్రం కర్ర బొగ్గే వాడాలి, అంత బూడిదను అది భరించలేదు. మూత లేని పొయ్యి మీద ఐదారు ముక్కలు కాల్చుకునేవాళ్లకు ఏదైనా ఒకటే.

వెలిగించడానికి చిమ్నీ అనే లోహపు గొట్టం ఉంటే చాలా తలనొప్పులు తప్పుతాయి. కింద రెండు కాగితాలు నలిపి పెట్టి, పైన బొగ్గు నింపి అంటిస్తే 15 నుంచి 20 నిమిషాల్లో పై వరస బ్రికెట్లకు కూడా బూడిద రంగు వస్తుంది. వెలిగించే ద్రవాలతో వచ్చే ఇబ్బంది వాసన. అది పూర్తిగా మండిపోయేదాకా ఆగకపోతే మాంసానికి పట్టుకుంటుంది. ముందే ద్రవం పట్టించి అమ్మే బ్రికెట్లను వంట మధ్యలో కొత్తగా వేయడం అసలే కూడదు. ఇక పెట్రోలూ కిరసనాయిలూ వంట దరిదాపుల్లోకి రానివ్వకండి.

పొడి మసాలానా, నానబెట్టడమా?

తోలు కరకరలాడాలా, మాంసం లోపలిదాకా మసాలా రుచి కావాలా అన్నదాని మీద ఇది ఆధారపడుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు.

తోలు ముఖ్యమైతే పొడి పద్ధతే. ముక్కల్ని కాగితంతో బాగా ఒత్తి తుడవండి. కిలో ముక్కలకు 10 నుంచి 12 గ్రాముల ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో కింది అరలో రాత్రంతా ఉంచండి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, కొన్ని గంటల్లో ఆ ఉప్పునీరు తిరిగి మాంసంలోకి ఇంకుతుంది. ఈలోగా తోలు ఆరిపోయి, పొద్దుటికి వేలితో తాకితే తడి తగలనంత పొడిగా, కొంచెం అద్దంలా పారదర్శకంగా కనిపిస్తుంది. అలా ఆరిన తోలే పెళుసుగా కాలుతుంది. ఉప్పుతో పాటు కిలోకు రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్ కలిపితే తోలు ఇంకా త్వరగా రంగు తిరుగుతుంది. బేకింగ్ సోడా మాత్రం వేయకండి, సబ్బు రుచి వస్తుంది. మిరియాలు, మిరపపొడి, వెల్లుల్లి పొడి లాంటివి కాల్చే ముందు చల్లితే సరిపోతుంది.

తోలు తీసిన ముక్కలైతే నానబెట్టడమే మంచిది, ఎందుకంటే మాంసాన్ని నేరు సెగ నుంచి కాపాడే పొర ఇంకేదో ఉండాలి. పెరుగులోని ఆమ్లం మృదువైనది, రాత్రంతా ఉంచినా మాంసం చెడదు. నిమ్మరసం, వెనిగర్ ఎక్కువగా ఉంటే మాత్రం రెండు మూడు గంటలకు మించనివ్వకండి, పైపొర పిండి పిండిగా అయిపోతుంది. ఎముక తగిలేదాకా రెండు మూడు లోతైన గాట్లు పెడితే మసాలా లోపలికి వెళుతుంది, ముక్క కూడా తొందరగా ఉడుకుతుంది. నానబెట్టినంత మాత్రాన మసాలా తనంతట తానుగా మాంసం లోతుకు వెళ్లదు. ఉప్పు తప్ప మిగతావన్నీ దాదాపు పైపైనే ఉండిపోతాయి. అందుకే గాట్లు.

ఉప్పునీటిలో ముంచి ఉంచడం మూడో దారి. లీటరు నీటికి 50, 60 గ్రాముల ఉప్పు, రెండు గంటలు. మాంసం తేమగా ఉంటుంది, తోలు తడిసి ముద్దవుతుంది. బ్రెస్ట్ పీసుకు దీని అవసరం ఉంది గానీ, కొవ్వూ జెలటినూ ఉన్న కాలు ముక్కకు అంతగా లేదు.

తియ్యటి సాసుల గురించి ఒక మాట. తేనె, బెల్లం, టమోటా సాసు, ఏది పూసినా అందులోని చక్కెర వేడికి త్వరగా రంగు మారి, ఆపై మాడి చేదెక్కుతుంది. కాబట్టి మొదటినుంచీ పూయకూడదు. లోపలి వేడి 78, 80 దాటాక, ముక్క ఇంకా పక్క సెగ మీదే ఉన్నప్పుడు పలచగా ఒక పూత, ఐదు నిమిషాలయ్యాక ఇంకో పూత. పచ్చి మాంసం నానిన మసాలానే పైన పూయాలనుకుంటే ముందు దాన్ని బాగా మరిగించాలి.

తోలు ఉంచాలా తీయాలా అంటే బొగ్గుల మీద ఉంచమనే చెబుతాను. తినేటప్పుడు ఇష్టం లేనివాళ్లు తీసేసుకోవచ్చు, అప్పటికి అది చేయవలసిన పని చేసేసి ఉంటుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

సూది థర్మామీటర్, లేదా అనుభవం. రెండోది లేనివాళ్లు మొదటిది కొనుక్కోవడం ఉత్తమం. ఉన్నవాళ్లకు కూడా చెడ్డ సలహా కాదు. సూదిని లావు భాగంలో గుచ్చండి, ఎముకకు తగలనివ్వకండి. తగిలితే చూపే అంకె మాంసానిది కాదు. ఒక్క ముక్క చూసి ఊరుకోకుండా నిప్పుకు అన్నింటికంటే దూరంగా ఉన్నదీ, అన్నింటికంటే పెద్దదీ చూడండి. మూతకు బిగించి ఉండే థర్మామీటర్‌ను ముక్క వేడికి కొలతగా తీసుకోకండి. అది చెప్పేది మూత కింది గాలి వేడి, అది కూడా జాలీ దగ్గర ఉన్నంత కచ్చితంగా కాదు.

రంగును నమ్ముకోవడం రెండు విధాలా మోసపోవడమే. ఎముక పక్కన ఎర్రగా కనిపిస్తే పచ్చిగా ఉందని చాలామంది మళ్లీ నిప్పుల మీదికి పంపుతారు. లేత వయసు కోళ్ల ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు. మూలుగలోని ఎర్రటి పదార్థం వాటిలోంచి బయటికి ఊరి, చుట్టూ ఉన్న మాంసానికి రంగు పూస్తుంది. 85 డిగ్రీలు దాటిన ముక్కలోనూ ఇది కనిపిస్తుంది. దానికి తోడు బొగ్గుల పొగ తగిలిన మాంసంలో తోలు కింద గులాబీ రంగు గీత ఒకటి ఏర్పడుతుంది, అదీ పచ్చిదనం కాదు. తెల్లగా కనిపించిన ప్రతిదీ ఉడికిందనుకోవడం దీనికంటే ప్రమాదం. థర్మామీటర్ లేకపోతే చూడవలసినవి వేరే ఉన్నాయి. సన్నటి కొస దగ్గర మాంసం ఎముక నుంచి పైకి జరిగి ఉండాలి. ముక్కను పట్టకారుతో పట్టి ఎముకను తిప్పితే అది మాంసంలో తేలిగ్గా కదలాలి. లావు భాగంలో గుచ్చితే నీరు తేటగా కారాలి. ఈ మూడూ కలిస్తే దాదాపు నిశ్చింత. ఒక్కటే కనిపిస్తే ఇంకో ఐదు నిమిషాలు ఆగడంలో నష్టమేమీ లేదు, లెగ్‌పీసు ఆ మాత్రం ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది.

పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోకి కాలిన ముక్కలు తీయకండి, పట్టకారు కూడా మార్చండి. కాల్చే ముందు కోడిని కుళాయి కింద కడగనక్కర్లేదు, చిమ్మిన నీటితో క్రిములు గట్టంతా పాకుతాయి. దించిన ముక్కల్ని ఐదు నిమిషాలు అలా వదిలేయండి, కానీ మూత పెట్టి కప్పకండి. అంత కష్టపడి తెప్పించిన కరకర ఆవిరికి మెత్తబడిపోతుంది. మిగిలినవాటిని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

తినడం అయ్యాక పొయ్యి మూత పెట్టి, పైనా కిందా గాలి రంధ్రాలు పూర్తిగా మూసేయండి. గాలి అందక నిప్పులు ఆరిపోతాయి, సగం కాలిన బొగ్గు తర్వాతిసారికి పనికొస్తుంది. కొత్త బొగ్గుతో కలిపి చిమ్నీలో వేసుకోవచ్చు. పారేయాల్సిన బూడిదను మాత్రం మర్నాటి దాకా కదపకండి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు ఒక రోజంతా దాగి ఉండగలదు, అందుకే దాన్ని ప్లాస్టిక్ బుట్టలోకి కాకుండా మూత ఉన్న లోహపు డబ్బాలోకే ఎత్తాలి.